మా బామ్మర్ది లారీకి బేరం తెచ్చాను

సాలూరులో లారీ ఉన్న ప్రతి మనిషీ పొద్దున్నే అనే మొదటి మాట, ఈ దరిద్రపు లారీ అమ్మేస్తే గానీ సుఖం లేదని. టైరు పేలితే అంటారు, డ్రైవరు చెప్పకుండా మానేస్తే అంటారు, డీజిలు రేటు పెరిగితే అంటారు, ఏమీ జరగని రోజున ఊరికే టీ తాగుతూ అంటారు. అన్నవాడు అమ్మడు. తాతల నాటి నుంచి అందరూ అమ్మేస్తూనే ఉన్నారు, ఊరి నిండా లారీలు ఉంటూనే ఉన్నాయి. ఈ సంగతి అక్కడ పాలు తాగే పిల్లకి కూడా తెలుసట. నాకు మాత్రం నలభై ఆరో ఏట, విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పాక తెలిసింది.

నేను కాటాలు బాగుచేస్తాను. విజయనగరంలో చిన్న షాపుంది. రైసుమిల్లుల్లో, కిరాణా కొట్లలో, కళింగపట్నం వైపు చేపలు కొనే షావుకార్ల దగ్గర ఉండే ఎలక్ట్రానిక్ కాటాలు నా చేతి మీద నడుస్తాయి. సముద్రం పక్కనున్న కాటా ఉప్పు పట్టి అబద్ధాలాడుతుంది. దాన్ని విప్పి, తుడిచి, నిజం చెప్పించి వస్తాను. బండి మీద ఒక్కడినే వెళ్తాను, ఒక్కడినే తిరిగొస్తాను, దారిలో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇంతకంటే మంచి పని దేవుడు కూడా ఇవ్వలేడు. వేసుకునేవి పొందూరు ఖద్దరు చొక్కాలు, అన్నీ ఒకటే రంగు. కొత్త బట్ట వేస్తే ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉంటుంది కాబట్టి, మా ఆవిడ కొత్త చొక్కా కొన్నాక కొన్నాళ్ళు ఊరికే ఉతికి ఉతికి, దాని పొగరు అణిగాక నాకిస్తుంది.

మా అత్తవారిది సాలూరు. అక్కడ నాకో గొప్ప పేరుండేది, వేళాకోళంలో మొనగాడినని. ఆ పేరు నేను సంపాదించింది కాదు, దానంతటదే వచ్చి మీద పడింది. పెళ్ళి భోజనాల దగ్గర వరసైన ఆడవాళ్ళంతా చుట్టూ చేరి, "మా పిల్లలో ఏటి సూసి సేసుకున్నావు బావా?" అని అడిగారు. నేను ఆలోచించి, "విజయనగరం నుంచి మీ ఊరికి డైరెక్టు బస్సు ఉన్నాది" అన్నాను. పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. నాకైతే అందులో నవ్వే విషయం కనబడలేదు. అంతకుముందు చూసిన సంబంధానికి మధ్యలో రెండు చోట్ల బస్సు మారాలి, అది పెద్ద నరకం. మా అత్తగారు పులుసు గరిట పట్టుకుని, ఇంకొంచెం వెయ్యమంటావా నాయినా అంటే, వద్దు, ఉప్పెక్కువైంది అన్నాను. మళ్ళీ నవ్వారు. మా మావగారు, ఇది నీ ఇల్లే అనుకో అన్నారు. మరుసటి సారి వెళ్ళినప్పుడు హాల్లో గుయ్యిమని మోగే ట్యూబులైటు పీకేసి, మంచం నాక్కావలసిన వైపు తిప్పుకున్నాను. అదీ జోకే అయింది.

మా బామ్మర్ది, అంటే మా ఆవిడ తమ్ముడు, నన్ను లారీ స్టాండుకి తీసుకెళ్ళి అందరికీ చూపించేవాడు. "మా బావ మొకం కదపకండా జోకేస్తాడు, కాసుకోండి" అనేవాడు. నేనేమన్నా నవ్వేవారు. వాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వేవాడిని. ఎదుటివాళ్ళ మొహాలు చూసి మొదలెట్టడం పెద్ద కష్టం కాదు, ఎప్పుడు ఆపాలో తెలియడమే కష్టం. ఒక్కోసారి అందరూ ఆపేశాక కూడా నాది నడిచేది, దానికి మళ్ళీ నవ్వేవారు.

అలా ఇరవై ఏళ్ళు గడిచాక లారీ గొడవ వచ్చింది.

ఒకరోజు బామ్మర్ది ఫోనులో, "ఇది అమ్మేస్తాను బావా, మంచి బేరముంటే సూడు" అన్నాడు. చూడమన్నాడు కాబట్టి చూశాను. బొబ్బిలి దగ్గర ఒక రైసుమిల్లు ఆసామి కాటా బాగుచేస్తుంటే, తనకో మంచి లారీ కావాలన్నాడు. మా బామ్మర్దిది ఉంది, ఇంజను బంగారం అన్నాను. శుక్రవారం మంచిదని ఆయన కొబ్బరికాయ, నిమ్మకాయలు, కర్పూరం, ఒక డ్రైవరు, ఒక మేస్త్రీతో సహా వచ్చాడు. వాళ్ళని నేనే దగ్గరుండి మా బామ్మర్ది వాకిట్లోకి తీసుకెళ్ళాను. మేస్త్రీ లారీ చుట్టూ తిరిగి టైర్లు కాలితో తన్నాడు. ఆసామి బంపరు మీద కొబ్బరికాయ కొట్టబోయాడు. బామ్మర్ది బనీను మీద బయటికొచ్చి, ఆ కొబ్బరికాయ వైపూ నా వైపూ చూశాడు. అమ్మేది లేదని వాళ్ళని పంపేశాడు.

సాలూరులో నలుగురు వచ్చి వాకిట్లో నీ లారీ టైర్లు తన్నారంటే, నీ పని అయిపోయిందని అర్థం. సాయంత్రానికి ఊరంతా పాకింది. టైర్ల షాపువాడు ఫోను చేశాడు, బంకువాడు పలకరించాడు. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మాయికి సంబంధం మాటల్లో ఉంది. పిల్లాడి తండ్రి మనిషిని పంపి, లారీ అమ్మేస్తున్నారటగా, ఏమైనా ఇబ్బందా అని అడిగించాడు. ఆ సంబంధం తెగిపోవలసింది. బామ్మర్ది ఆ పిల్లాడి తండ్రిని స్వయంగా లారీలో కూర్చోబెట్టి పార్వతీపురం దాకా తిప్పి తీసుకొచ్చాక గానీ కుదుటపడలేదు. ఆ తర్వాత నాకు ఫోను చేసి, "బుర్రుందేటి బావా నీకు?" అని ఒక్క మాట అని పెట్టేశాడు. ఆ ప్రశ్నకి జవాబు చెబుదామని మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మా ఆవిడ పప్పు రుబ్బుతున్నది ఆపి, "ఒకపాలి ఎక్కడైనా మీ బుర్ర సూపించుకోండి" అంది.

నేను చూపించుకున్నాను. విశాఖపట్నంలో బుర్రలు చూసే డాక్టరమ్మ ఎవరో కనుక్కుని, అపాయింట్‌మెంటు తీసుకుని, బస్సెక్కి వెళ్ళాను. ఆవిడ ఒక్కసారికి తేల్చలేదు, మళ్ళీ మళ్ళీ రమ్మంది, నేనూ వెళ్ళాను. నా షాపుకి ఇంత శ్రద్ధగా ఏ కాటానీ ఎవరూ తేలేదు.

"ఎవరైనా జోకేస్తే మీకు తెలుస్తుందా?" అని అడిగింది.

"నేనే బాగా వేస్తానండీ. మా అత్తారింట్లో కనుక్కోండి" అన్నాను.

ఒకటి చెప్పమంది. బస్సు సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "అది మీరు జోకుగా అన్నారా?" అంది.

"లేదండీ, నిజంగానే బస్సుంది."

ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది.

నా చిన్నతనం తెలిసినవాళ్ళతో మాట్లాడాలంది. మా అమ్మకి ఫోను కలిపి స్పీకరు పెట్టాను. కొడుకు మీద ఎవరో నేరం మోపుతున్నారనుకుని అమ్మ గొంతు పెంచింది. "మావోడికి ఏటీ లేదమ్మా, బంగారం. అన్నంలో పప్పుకి సారు తగిలితే కంచం ఎత్తీసీవోడు, అంతే. ఈదిలో పిల్లల్తో ఆటకి ఎల్లీవోడు కాదు. రైసుమిల్లు కాడ కూకుని ఆ బెల్టు తిరగడం సూసీవోడు పొద్దల్లా. సుట్టాలొస్తే గాదె ఎనకాల దూరీవోడు. తల దువ్వితే కొట్టినట్టు ఏడిసీవోడు. అంతకుమించి ఏటీ లేదు తల్లీ, రాసుకో." డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. నన్ను కాపాడబోయి మా అమ్మ సాక్ష్యాలన్నీ వరసగా అప్పగించేసింది.

చివరికి ఆవిడ చెప్పిన పేరు ఆటిజం స్పెక్ట్రమ్. అది చిన్నపిల్లలకి కదండీ అన్నాను. ఆ పిల్లలు పెద్దవాళ్ళవుతారు కదా అంది.

తిరుగు బస్సులో ముందు కోపం వచ్చింది. తిక్కలోడు, మొండోడు, మొద్దురాచిప్ప అని నన్ను పిలిచిన మేష్టర్లు, మేనత్తలు, షాపు పక్కనున్న పాన్ డబ్బావాడు, అందరినీ వరసగా నిలబెట్టి రిపోర్టు చదివి వినిపించాలనిపించింది. తగరపువలస దాటాక ఊరట కలిగింది. ఇన్నాళ్ళూ నాకు చేతకావడం లేదనుకున్నవి నా బద్ధకం కాదు, పొగరు కాదు, నన్ను కన్నప్పటి తయారీయే అంత. విజయనగరం బస్సు కాంప్లెక్సులో దిగేసరికి మాత్రం బెంగ పట్టుకుంది. డాక్టరమ్మ చెప్పింది నిజమైతే నేను ఇరవై ఏళ్ళలో ఒక్క జోకూ వెయ్యలేదు. సాలూరులో వాళ్ళు ఇష్టపడ్డ మొకం కదపని మొనగాడు అసలు లేడు. ఉన్నవాడిని వాళ్ళెప్పుడూ చూడలేదు. చూస్తే ఇష్టపడతారని నమ్మకం లేదు.

మా ఆవిడకి రిపోర్టు చూపిస్తే చేతిలో చేట కింద పెట్టింది. "నేను కోపంలో అన్నాను. నిజింగా ఎల్లిపోనారేటి?"

"నువ్వే గదా సూపించుకోమన్నావు."

ఆవిడ గుమ్మంలో కూలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయి, పెళ్ళైన దగ్గర్నుంచి కోపంలో ఏమేమి అందో గుర్తు తెచ్చుకుంటూ మొహం చిన్నది చేసుకుంది. "ఎటైనా పోండి అన్నానొకపాలి" అంది మెల్లగా. నిజమే, అప్పుడు నేను పలాసలో మా పెద్దమ్మ ఇంటికి పోయి, కబురు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. ఆవిడ నేను అలిగి వెళ్ళాననుకుంది. నేను చెప్పిన పని చేశాననుకున్నాను. ఆ రోజు ఇద్దరం కూర్చుని అలాంటి పాత గొడవలు చాలా విప్పి చూసుకున్నాం. సగం గొడవలు అసలు గొడవలే కావు.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకి అందరం దగ్గాం. "సూసినావా, అదే పోతన్నాది" అంది. అది ఎక్కడికీ పోలేదు.

ఇంతలో బామ్మర్ది కూతురి పెళ్ళి శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది, మా ఆవిడ ఫోనుకి. నాకెంతో నచ్చింది. తేదీ, ముహూర్తం, కల్యాణమండపం అన్నీ ఉన్నాయి, నొక్కితే దారి కూడా చూపిస్తుంది. మనిషి ఇంటికొచ్చి కూర్చుని, కాఫీ తాగి, గంట మాట్లాడినా ఇంత వివరంగా చెప్పలేడు. అదే మాట మా ఆవిడతో అన్నాను. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పెళ్ళికూతురికి మేనత్తని నేను. తోడబుట్టినోడు గడపలోకొచ్చి బొట్టెట్టి పిలవకపోతే ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను? ఈదిలోవోళ్ళకి కూడా బొట్టెట్టే పిలుస్తాం. అమ్మా నాన్నా పోనాక నాకు పుట్టిల్లంటే ఆడే గదా" అంది.

బొట్టు పెట్టి పిలవడమనే ఆచారం పాఠంలో చదివినట్టు నాకూ తెలుసు. అది లేకపోతే మనిషి ఇలా ఏడుస్తుందని తెలియదు. ఎవరి మీద కోపంతో బొట్టు ఆగిపోయిందో కూడా ఆవిడ చెప్పలేదు. ఆ మాత్రం నాకే తెలిసింది. ఆవిడకి పుట్టిల్లు లేకుండా చేసింది నా బేరం. మర్నాడు బండి తీశాను.

రామభద్రపురం దాటినప్పటి నుంచి చెప్పాల్సిన మాటలు పైకి అనుకుంటూ వెళ్ళాను. స్టాండులో బామ్మర్ది లారీ కింద పడుకుని గ్రీజు పెడుతున్నాడు. నా చెప్పులు చూసి గుర్తు పట్టాడు. అవీ ఎప్పుడూ ఒకటే రకం.

"ఏటి బావా, మళ్ళీ బేరం తెచ్చినావేటి?" అన్నాడు కిందనుంచే.

"లేదురా. ఈపాలి ఒక్కడినే వచ్చాను."

పక్కనున్న మేస్త్రీలిద్దరూ నవ్వారు. వాడు నవ్వలేదు. బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఊరోళ్ళు ఆడుకున్నా పడతాను బావా. నువ్వు ఆడుకున్నావు. పిల్ల సంబంధం మాటల్లో ఉన్నాదని తెలిసి, కొబ్బరికాయతో సహా తెచ్చి నా వాకిట్లో ఆటాడినావు. ఏలాకోలానికి ఓ అద్దుండాల."

అప్పుడు అర్థమైంది నాకు. వాడి కోపం నేను తెలివితక్కువగా చేశానని కాదు. నా జీవితంలోకెల్లా పెద్ద జోకు వాడి మీద వేశానని.

"ఏలాకోలం కాదురా. అమ్ముతానన్నావు. నిజిం అనుకున్నాను."

"ఎవుడైనా అనుకుంటాడేటి?"

"నేననుకున్నాను. డాక్టరమ్మ కూడా సెప్పింది."

దారంతా అనుకున్న మాటలు అప్పగించాను. నా బుర్ర మాటని మాటలాగే పట్టుకుంటుందని, దాని వెనకాల ఉన్నది దానికి అందదని, ఇది రోగం కాదు పుట్టుక అని, మందు లేదని. దీనికో ఇంగ్లీషు పేరుందని కూడా చెప్పాను. వాడు పేరు పట్టించుకోలేదు. పాత టైరు మీద కూర్చున్నాడు.

"మరి ఆ బస్సు మాట?"

"నిజింగానే డైరెక్టు బస్సురా."

"నాన్నగారి ట్యూబులైటు?"

"గుయ్యిమంటాది. నీ ఇల్లే అనుకో అన్నాడు గదా."

"అమ్మ పులుసులో ఉప్పు?"

"ఎక్కువే."

మేస్త్రీలు కూడా పని ఆపి వింటున్నారు. వాడు చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. "మరి మేం నవ్వినప్పుడు నువ్వేటి సేసీవోడివి?"

"మీ మొకాలు సూసి నవ్వీవోడిని" అన్నాను. ఆ మాట దారిలో అనుకున్న వాటిలో లేదు. అన్నాక నాకు చాలా సిగ్గేసింది, ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళ పెళ్ళిలో భోంచేస్తూ దొరికిపోయినట్టు.

"అంటే ఇన్నేళ్ళలో మాతోటి ఒక్కపాలి కూడా నవ్వలేదా బావా?"

నేను నిజంగా ఆలోచించాను. "ఒకపాలి నవ్వాను. నీ లుంగీ లారీ తలుపులో ఇరుక్కుని ఊడిపోనప్పుడు."

ముందు మేస్త్రీలు నవ్వారు. తర్వాత వాడు నవ్వాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా. ఆ లుంగీ నాకు మళ్ళీ కళ్ళకి కట్టింది కాబట్టి నేనూ నవ్వాను. ఈసారి ఎవరి మొహమూ చూడలేదు. వాడు టీ తెప్పించాడు గానీ, పెళ్ళి ఊసెత్తలేదు, పిలవలేదు. నేను అడగలేదు. అడగొచ్చని ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పింది.

మర్నాడు ఫోను వచ్చింది. "ఈ డ్రైవరుగాడిని ఇయాల సంపేస్తాను" అన్నాడు. నేను కంగారు పడేలోపే, "ఉట్టినే అన్నాను బావా" అన్నాడు. అప్పటి నుంచి అదే వరస. ఏ మాటన్నా తోక తగిలించేవాడు. ఊరొదిలి పోతాను, ఉట్టినే అన్నాను బావా. ఈ పెళ్ళి అయ్యేలోపు నన్ను పాడె మీద ఎక్కిస్తారు, ఉట్టినే అన్నాను బావా. అది లారీ స్టాండంతా అంటుకుంది. సాలూరు వెళ్తే ముక్కూ మొహం తెలియని డ్రైవర్లు కూడా నాతో అదే తోకతో మాట్లాడేవారు. ఒకడు, "మంచినీల్లు తాగుతావేటి బావా" అని, చెయ్యి చాచాక, "ఉట్టినే" అని తనే తాగేశాడు. మొదట్లో చిన్నపిల్లాడికి గోరుముద్దలు పెడుతున్నట్టు ఉండి ఒళ్ళు మండింది. తర్వాత లెక్క తెలిసింది. తోక ఉంటే వదిలెయ్యాలి, లేకపోతే పట్టుకోవాలి. ఇంత సుఖంగా మనుషుల మాటలు నేనెప్పుడూ వినలేదు.

పెళ్ళి దగ్గర పడింది. ఒకరోజు మధ్యాహ్నం నేను భోంచేస్తుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. బామ్మర్దీ, వాళ్ళావిడా. ఆవిడ చేతిలో కుంకుమ భరిణె ఉంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, "వొదినా, మీరు రాకపోతే ఎలగ" అంటూ మా ఆవిడ నుదుట బొట్టు పెట్టింది. మా ఆవిడ చేతికి పిండి ఉంది. ఆ పిండి చేతులతోనే మరదలి భుజాలు పట్టుకుంది. ఆవిడ పట్టుచీర పాడైందని నేను చెప్పాను గానీ, ఎవరూ వినలేదు. "నాలుగు రోజుల ముందే రావాల అప్పా, పసుపు దంచడానికి నువ్వు లేకపోతే కుదరదు" అన్నాడు బామ్మర్ది అక్కతో. మా ఆవిడ ఏడుస్తూనే తమ్ముడికి పీట వేసింది.

వాడు పీట మీద కూర్చోలేదు. నా కంచం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బావా, నువ్వు రాకపోతే పెళ్ళి ఆపేస్తాను."

నేను ముద్ద చేతిలో పట్టుకుని ఆగాను. తోక కోసం ఎదురుచూశాను. వాడు చెంబెత్తి మంచినీళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. ఇంకా పిలవాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయని పెళ్ళాన్ని కేకేశాడు. చెప్పులు వేసుకున్నాడు. మెట్లు దిగాడు. నేను ఎంగిలి చేత్తోనే గుమ్మం దాకా వెళ్ళాను. వాడు బండి స్టార్టు చేసి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

ఉట్టినే అనలేదు.

నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడ, కొత్త చొక్కా ఇప్పటి నుంచే ఉతకాలి అంది.